ఉప్పెన ముంచిన ఊరికి మళ్లీ వెళ్లడం ఎలా?

లంకవాసి (హైదరాబాద్)

సభ్యులందరికీ నమస్కారం. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నేను నాలుగో తరగతి చదువుతున్నాను. నాగాయలంకకు దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లె మాది. సాయంత్రం మా ఇంట్లో ఐదుగురం ఉన్నాం, తెల్లవారేసరికి మా నాన్న, నేను మిగిలాం. తుమ్మచెట్టు కొమ్మల్లో చిక్కుకోవడం వల్ల నేను బతికాను. ఆ తరువాత మా మేనమామ వచ్చి మమ్మల్నిద్దరినీ ఖమ్మం తీసుకువెళ్లారు. నాన్న మళ్లీ ఆ ఊరి మొహం చూడకుండానే పోయారు. నేను కూడా వెళ్లలేదు.

ఇప్పుడు వెళ్లవలసిన పని పడింది. మా పొలాన్ని ఇన్నేళ్లుగా చిన్నాన్నగారి కుటుంబం చూసుకుంటోంది. భూముల రీసర్వేలో హద్దుల విషయం తేలాలంటే నేను స్వయంగా రావాలని చిన్నాన్న కొడుకు ఫోన్ చేస్తున్నాడు. "అన్నయ్యా, ఒక్క పూట వచ్చి వెళ్లు చాలు" అంటాడు. విజయవాడ వరకు నాకు ఏ ఇబ్బందీ ఉండదు, చల్లపల్లి దాటాక మాత్రం ఊపిరి బిగుసుకుంటుంది. ఒకసారి ధైర్యం చేసి బయలుదేరి, మోపిదేవిలో బస్సు దిగి, స్వామి దర్శనం చేసుకుని, అట్నుంచి అటే వెనక్కి వచ్చేశాను. ఇంట్లోవాళ్లు నేను మోపిదేవి మొక్కు తీర్చుకోవడానికే వెళ్లాననుకున్నారు.

సముద్రమంటే నాకు భయం లేదు. పిల్లలతో విశాఖ వెళ్లి బీచ్‌లో గంటల తరబడి కూర్చున్నవాడిని. నా భయం రెండింటి గురించి: చీకటి పడ్డాక తాటిచెట్లలో గాలి చేసే చప్పుడు ఒకటి, ఊళ్లో పెద్దవాళ్లు నన్ను గుర్తుపట్టి "నువ్వు ఫలానావారి అబ్బాయివి కదూ, మీ అమ్మ..." అని మొదలుపెట్టే మాట మరొకటి. ఇటువంటి చోటికి తిరిగి వెళ్లినవారు ఎవరైనా ఉంటే ఎలా వెళ్లారో, వెళ్లడం వల్ల మేలు జరిగిందో లేదో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

---

కృష్ణాతీరం (నాగాయలంక)

లంకవాసి గారూ, నేను ఉప్పెన తరువాత పుట్టినవాణ్ని, కాబట్టి భయం గురించి మీకు చెప్పగలిగే అర్హత నాకు లేదు. ఊరు ఇప్పుడు ఎలా ఉందో మాత్రం చెప్పగలను, అది మీకు ఉపయోగపడవచ్చు.

మీరు చూసిన పూరిళ్లు దాదాపు లేవు. డాబాలు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. ఒకప్పుడు వరి పండిన పొలాల్లో చాలావరకు ఇప్పుడు చేపల చెరువులూ రొయ్యల చెరువులే. రాత్రిపూట చెరువుగట్ల మీద దీపాలు వెలుగుతుంటాయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల మోత వినిపిస్తూనే ఉంటుంది. అందువల్ల మీరు భయపడే గాలి చప్పుడు చాలాచోట్ల ఆ మోతలో కలిసిపోతుంది. సముద్రం వైపు మడ అడవులున్నాయి. తుఫాను రక్షణ కేంద్రాలు ఎత్తైన స్తంభాల మీద కట్టినవి మీకు దారిలోనే కనిపిస్తాయి. పులిగడ్డ నుంచి పెనుమూడికి వంతెన కట్టాక రేపల్లె వైపు నుంచి కూడా రోడ్డుమార్గం ఉంది. అంటే ఒకప్పటిలా ఇది ఒక్క దారి మీద ఆధారపడిన లంక కాదు.

ఇంకొక విషయం చెప్పాలి. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటిన తుఫాను కూడా చాలా తీవ్రమైనదే. 1977లో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది పోయారు, అసలు సంఖ్య అంతకన్నా ఎక్కువని మా పెద్దలందరూ అంటారు. 1990లో ఆ సంఖ్య వెయ్యి లోపే ఉంది, ఎందుకంటే ముందుగానే లక్షల సంఖ్యలో జనాన్ని తరలించారు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంట్లోవాళ్లం ముందురోజే సామాను పైకెత్తి, పశువులను మెరకకు తోలి, ఫోన్లో హెచ్చరికలు చూసుకుంటూ కూర్చున్నాం. 1977లో ఆ రాత్రి మీ ఊరివాళ్లకు ఇవేవీ లేవు. రేడియో ఉన్న ఇల్లు ఒకటో రెండో, అందులో చెప్పింది విన్నా ఎక్కడికి పోవాలో తెలియని కాలం అది.

---

అద్దంలో ఆకాశం (గుంటూరు)

నేను క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఇక్కడ రాసేది వైద్యసలహా కాదు, అవగాహన కోసమే.

మోపిదేవి దగ్గర దిగిపోయినప్పుడు మీకు వెంటనే ఎంత హాయిగా అనిపించి ఉంటుందో ఊహించగలను. ఆ హాయే భయానికి మేత. వెనక్కి తిరిగిన ప్రతిసారీ "తిరిగి వచ్చాను కాబట్టే బతికాను" అని మనసు నేర్చుకుంటుంది, ముందుకు వెళ్తే ఏమీ జరగదని నేర్చుకునే అవకాశం దానికి రాదు. అందుకే ఇటువంటి భయాలకు ఇచ్చే చికిత్సలో కీలకమైన భాగం, భయపడే పరిస్థితికి మెట్టుమెట్టుగా దగ్గరవుతూ, ప్రతి మెట్టు మీద ఆందోళన తనంతట తాను తగ్గేదాకా నిలబడటం. మీరు విశాఖ బీచ్‌లో నిశ్చింతగా కూర్చోగలగడం, దివిసీమలో మాత్రం కూర్చోలేకపోవడం విచిత్రమేమీ కాదు. భయం తగ్గడమంటే పాత జ్ఞాపకం చెరిగిపోవడం కాదు, దాని పక్కన కొత్త అనుభవం ఒకటి ఏర్పడటం. ఆ కొత్త అనుభవం ఏ చోట ఏర్పడిందో ఆ చోటికే ఎక్కువగా అంటిపెట్టుకుని ఉంటుంది. కాబట్టి వేరే ఊళ్లో నేర్చుకున్న నిశ్చింత మీ ఊళ్లో మీకు పూర్తిగా అక్కరకు రాకపోవచ్చు.

మెట్లు మీరే నిర్ణయించుకోవాలి. మోపిదేవి ఇప్పటికే మీరు చేరిన మెట్టు, దాన్ని ఓటమిగా లెక్కించకండి. తరువాత అవనిగడ్డ, ఆ తరువాత నాగాయలంక, చివర మీ పల్లె. ఒక్కొక్క చోట గంటో రెండు గంటలో ఉండి, మనసు కుదుటపడ్డాకే కదలండి. ఆందోళన పెరిగి ఉన్నప్పుడు వెనక్కి తిరిగితే మీరు మోపిదేవిలో చేసిందే మళ్లీ చేసినట్టవుతుంది. ఒంటరిగా వెళ్లవద్దు. గుండెజబ్బు, రక్తపోటు వంటివి ఉంటే ముందుగా డాక్టరుతో మాట్లాడండి. పీడకలలు వస్తున్నా, చప్పుళ్లకు ఉలికిపడుతున్నా, నవంబర్ వచ్చేసరికి ప్రతి ఏడూ నిద్ర పాడవుతున్నా, ఈ పని సొంతంగా కాకుండా నిపుణుల తోడుతో చేయడం మంచిది.

---

ముంగిలి (రాజమహేంద్రవరం)

పైన అందరూ వెళ్లడమే సరైనదన్న ధోరణిలో రాస్తున్నారు కాబట్టి ఎదురు మాట ఒకటి చెప్పక తప్పదు. తిరిగి వెళ్లడం ధైర్యమనీ వెళ్లకపోవడం పిరికితనమనీ మన సమాజం తేలిగ్గా తీర్పు చెప్పేస్తుంది. నేను పెళ్లయిన కొత్తలో కొన్నేళ్లు దెబ్బలు తిన్న ఇల్లు ఒకటుంది. అది ఇంకా అక్కడే ఉంది, కొట్టిన మనిషీ అందులోనే ఉన్నాడు. "ఒకసారి వెళ్లి ఎదుర్కో, భయం పోతుంది" అని నాకు హితవు చెప్పిన పెద్దమనుషులు తక్కువేం కాదు. నా భయం నాకు సరైన సమాచారమే ఇస్తోంది, దాన్ని పోగొట్టుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

లంకవాసి గారి సంగతి వేరు కావచ్చు, ఉప్పెన అక్కడ కాచుకుని కూర్చుని లేదు. అయినా నా ప్రశ్న ఏమిటంటే, హద్దుల పని చిన్నాన్నగారి అబ్బాయికి పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి చేయించవచ్చు కదా? ఆ దారి ఉండగా కూడా వెళ్లాలని మీకు అనిపిస్తే అది మీ కోరిక. అనిపించకపోతే ఎవరూ మిమ్మల్ని పంపనక్కరలేదు.

---

తుంగభద్ర (కర్నూలు)

ముంగిలి గారి మాట న్యాయమైనదే గానీ, వెళ్లాలా వద్దా అని ఆలోచించుకునే వెసులుబాటు అందరికీ ఉండదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు మా ఇంటి మొదటి అంతస్తు దాకా నీళ్లొచ్చాయి. నీళ్లు తీయగానే అదే ఇంటికి వెళ్లి అదే బురద ఎత్తిపోసుకున్నాం, మాకు ఇంకో ఇల్లు లేదు కాబట్టి. బురద ఎత్తే పని ఉండటమే మంచిదైందని ఇప్పటికీ అనుకుంటాను. చేతులకు పని లేకుండా ఊరికే చూడటానికి వెళ్లి ఉంటే గుమ్మంలోనే కూలబడేదాన్ని. లంకవాసి గారూ, మీరు వెళ్లినప్పుడు సర్వే పనే ముందు పెట్టుకోండి. గొలుసు పట్టుకోవడమో, రాయి పాతించడమో, ఏదో ఒక పని మీ చేతిలో ఉండాలి.

---

ఎడారిబాట (రాజంపేట)

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నేను అక్కడ ఒక ఇంట్లో డ్రైవరుగా ఉన్నాను. మా కడప జిల్లావాళ్లం, గోదావరి జిల్లాలవాళ్లం చాలామందిమి ఉండేవాళ్లం. బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడ గుడారాల్లో పడిగాపులు కాచి, ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి వచ్చి పడ్డాం. ఆ విధంగా తీసుకొచ్చిన భారతీయుల సంఖ్య లక్షా డెబ్బై వేలకు పైగా ఉంటుందని తరువాత పత్రికల్లో చదివాను. చేతిలో పైసా లేదు, ఊళ్లో అప్పు అలాగే ఉంది. యుద్ధం ముగిశాక మళ్లీ అక్కడికే వెళ్లవలసి వచ్చింది.

వెళ్లినప్పుడు నా భయాన్ని రెండు కుప్పలుగా విడగొట్టుకున్నాను, అది నాకు బాగా పనిచేసింది. ఎడారిలో మందుపాతరలు నిజంగా ఉండేవి. కాబట్టి రోడ్డు దిగకూడదన్న భయాన్ని గౌరవించాను, ఏ సేఠ్ చెప్పినా దిగలేదు. బూట్ల చప్పుడు వింటే చెమటలు పట్టడం మాత్రం వేరే సంగతి. ఆ సైనికులు ఎప్పుడో వెళ్లిపోయారు, ఆ భయానికి ఎదురుగా ఇప్పుడు ఏమీ లేదు. మొదటి కుప్ప జాగ్రత్తగా ఉంచుకున్నాను, రెండోదాన్ని పట్టించుకోకుండా పని చేసుకుంటూ పోయాను. అది పూర్తిగా పోవడానికి చాలాకాలం పట్టింది, అబద్ధం చెప్పను.

ముంగిలి అమ్మగారి భయం నా లెక్కలో మొదటి కుప్ప. లంకవాసి గారిది చాలావరకు రెండోది. ఆయన నవంబరులోనో, వాయుగుండం ఉన్నప్పుడో వెళ్లకుండా చూసుకుంటే మొదటిది ఇంచుమించు ఖాళీ.

---

లంకవాసి (హైదరాబాద్)

అందరికీ కృతజ్ఞతలు. ముంగిలి గారూ, మీరు సూచించిన పవర్ ఆఫ్ అటార్నీ గురించి నేనూ ఆలోచించాను, కాగితాలు కూడా సిద్ధం చేయించాను. సంతకం పెట్టబోతూ ఆగిపోయాను. అది పెడితే ఇక ఎప్పటికీ వెళ్లనని నాకు తెలుసు. వెళ్లకుండా పోవడం నాకు ఇష్టం లేదని ఆ క్షణంలో అర్థమైంది, కాబట్టి ఇది నా కోరికే, ఎవరి బలవంతమూ లేదు.

ఎడారిబాట గారి రెండు కుప్పల మాట చదివాక గాలి చప్పుడు రెండో కుప్పలోకి వెళ్లిపోయింది. మనుషుల ప్రశ్న మాత్రం ఎటూ చేరలేదు. ఎవరో ఒకరు అడగడం ఖాయం, అది ఊహ కాదు. అడిగినప్పుడు నేను ఏం చెప్పాలి? మా ఊరివాళ్లలో చాలామంది నాకన్నా ఎక్కువ పోగొట్టుకున్నారు. వాళ్ల ముందు నిలబడి ఏడవడానికి కూడా నాకు మొహమాటంగా ఉంది. పైగా మేము వెళ్లిపోయాం, వాళ్లు అక్కడే ఉండి ఉప్పుపట్టిన నేలను మళ్లీ సాగులోకి తెచ్చుకున్నారు.

---

రెండోతరం (విజయవాడ)

లంకవాసి బాబాయి గారూ, మా అమ్మ కూడా ఆ ఉప్పెనలో మిగిలినవారిలో ఒకరు. మాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ విషయం ఎత్తేవారు కాదు. కొన్నేళ్ల కిందట మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్దామని తనే అన్నారు. సాగరసంగమంలో స్నానానికి ఆ రోజు జనం విపరీతంగా వస్తారు. ఆ జనసమ్మర్దమే అమ్మకు ధైర్యమిచ్చిందని తరువాత చెప్పారు. ఖాళీ తీరమైతే తను దిగేవారు కాదట. వేణుగోపాలస్వామి గుడిలో తలదాచుకుని బతికినవాళ్ల గురించి ఆ రోజే మాకు మొదటిసారి చెప్పారు.

మనుషుల ప్రశ్న గురించి మీరు అడిగారు కాబట్టి అమ్మ అనుభవం రాస్తున్నాను. అక్కడి ముసలమ్మ ఒకామె అమ్మను గుర్తుపట్టింది. మీరు భయపడుతున్న ప్రశ్న ఆమె అడగనే లేదు. "ఎంతమంది పిల్లలు? ఏం చదువుతున్నారు?" అని అడిగింది. అమ్మ పుట్టింటివాళ్లు ఎవరెవరు పోయారో ఆమెకు అమ్మకన్నా బాగా తెలుసు, కొత్తగా అడిగి తెలుసుకోవలసిందేమీ లేదు. ఆమెకు తెలియనిది అమ్మ ఆ తరువాత ఎలా బతికిందన్నదే.

మీ వెంట వచ్చేవారికి కూడా ఒక మాట. ఫోటోలు, వీడియోలు తీయవద్దనండి. నిమిషానికోసారి "ఎలా ఉంది, బాగానే ఉందా?" అని అడగవద్దనండి. మంచినీళ్ల సీసా, కారు తాళం దగ్గర పెట్టుకుని, కాస్త దూరంలో ఉంటే చాలు.

---

అద్దంలో ఆకాశం (గుంటూరు)

మీరు వెళ్లిపోయారన్న బాధ గురించి చెప్పాలి. పెద్ద విపత్తుల్లో మిగిలినవారిలో ఇది చాలా తరచుగా కనిపిస్తుంది, దీనికీ పిరికితనానికీ సంబంధం లేదు. నాలుగో తరగతి పిల్లవాడు ఉండాలో వెళ్లాలో తనంతట తాను నిర్ణయించుకోలేదు, మేనమామ చేయి పట్టుకుని వెళ్లాడు. ఊరివాళ్లు అడిగితే చెప్పడానికి ఒక చిన్న వాక్యం ముందే సిద్ధం చేసుకోండి. "అవునండీ, వాళ్లబ్బాయినే, ఇప్పుడు పొలం పని మీద వచ్చాను" అంటే చాలు. సిద్ధంగా ఉన్న వాక్యం గొంతులో చిక్కుకోదు. దాని తరువాత మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, లేకపోతే లేదు.

---

లంకవాసి (హైదరాబాద్)

సంక్రాంతి వెళ్లాక, వాన భయం లేని రోజుల్లో వెళ్లి వచ్చాను. జరిగింది రాస్తాను.

మా పెద్దమ్మాయి కారు నడిపింది. కరకట్ట మీదుగా కాకుండా పామర్రు, చల్లపల్లి మీదుగా వెళ్లాం, పాత బస్సు దారి అదే కాబట్టి. మోపిదేవిలో ఆగి దర్శనం చేసుకున్నాం. నాకు కాళ్లు వణికాయి. అమ్మాయి ఏమీ అడగలేదు, రెండోతరం గారు రాసింది తనకు ముందే చదివి వినిపించాను. అవనిగడ్డలో భోజనం చేశాం. ఉప్పెనలో పోయినవారి స్మారకం దగ్గర ఆగుదామా అని తను అడిగితే, తిరుగు ప్రయాణంలో చూద్దామన్నాను. ఏటా నవంబర్ 19న అక్కడ నివాళులర్పిస్తారని మా తమ్ముడు ఇదివరకే చెప్పాడు. ఆ రోజున రావడం మాత్రం ఇప్పట్లో నా వల్ల కాదు.

నాగాయలంక దాటాక భయం పెరగలేదు. నాకు ఏదీ గుర్తుపట్టరాలేదు, అది నేను అనుకోని సంగతి. నేను ఇన్నేళ్లూ భయపడ్డ ఊరు అక్కడ లేదు. ఎక్కడ చూసినా చెరువులు, వలలు, మేత బస్తాల గోదాములు. మా ఇల్లు ఉన్న చోటు ఏదని తమ్ముణ్ని అడిగితే వేరేవాళ్ల చెరువు గట్టు చూపించాడు. భయం బదులు కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. నా వాళ్లు పోయిన చోట కనీసం ఒక గుర్తయినా మిగలకూడదా అనిపించింది. ఈ కోపం గురించి నన్ను ఎవరూ ముందుగా హెచ్చరించలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నాలాగా వెళ్లబోయేవారు దీనికి కూడా సిద్ధపడాలి.

తుంగభద్ర గారు చెప్పినట్టు పని పెట్టుకోవడం చాలా సాయపడింది. సర్వేయరుతో పాటు గట్ల మీద తిరిగాను. ఒక హద్దు విషయంలో పక్క రైతుతో తగాదా వచ్చింది. తగాదా పడుతున్నంతసేపూ నేను ఆ ఊరివాణ్నేనన్న సంగతి ఎవరూ కాదనలేదు. ఆయనే మధ్యలో ఆగి "మీ నాన్న నాకు చేప పట్టడం నేర్పాడు" అన్నాడు. నేను సిద్ధం చేసుకున్న వాక్యం అవసరం పడలేదు, కానీ జేబులో ఉందన్న ధైర్యం ఉంది.

చీకటి పడేదాకా ఉండలేకపోయాను. ఎండ తగ్గుతుండగానే గుండె వేగం పెరిగింది, బయలుదేరిపోయాం. తిరుగు దారిలో స్మారకం దగ్గర కారు ఆపాం గానీ నేను దిగలేదు, అమ్మాయి దిగి వచ్చింది. సర్వే పని కూడా పూర్తి కాలేదు, ఆ ఒక్క హద్దు కోసం మళ్లీ వెళ్లాలి.

---

ముంగిలి (రాజమహేంద్రవరం)

మీరు వెళ్లివచ్చినందుకు సంతోషం. స్మారకం దగ్గర దిగలేదని రాయడం నాకు ఇంకా నచ్చింది. ఎవరూ ఏమీ అనుకోరు.

---

అద్దంలో ఆకాశం (గుంటూరు)

చీకటి పడేవేళకు బయలుదేరిపోవడం మోపిదేవిలో దిగిపోవడం వంటిది కాదు, మీరు వెళ్లిన పని చాలావరకు చేసుకుని వచ్చారు. అయితే మళ్లీ వెళ్లేటప్పుడు సాయంత్రం వేళను మరొక మెట్టుగా పెట్టుకోవచ్చు. ఊళ్లో కాకుండా నాగాయలంకలోనో అవనిగడ్డలోనో గది తీసుకుని, పొద్దు గూకేవరకు నదీతీరాన ఉండి, గదికి వెళ్లి పడుకోండి. ఊళ్లో రాత్రి గడపడం లక్ష్యం కావలసిన పని లేదు. కోపం గురించి మీరు రాసింది ముఖ్యం. శోకం ఇన్నేళ్లు భయం వెనక ఉండిపోతే, భయం కాస్త పక్కకు జరిగినప్పుడు అది ఏ రూపంలోనైనా బయటికి రావచ్చు. మళ్లీ వెళ్లేలోపు ఒకసారి ఎవరైనా కౌన్సెలరుతో మాట్లాడండి.

---

కృష్ణాతీరం (నాగాయలంక)

గది సంగతి నాకు వదిలేయండి, శ్రీరామపాద క్షేత్రం ఘాట్‌కు దగ్గరలో చూస్తాను. సర్వేయరు గారు మళ్లీ మీ వైపు ఎప్పుడు వస్తారో సచివాలయంలో కనుక్కుని మీ తమ్ముడికి చెప్తాను. ఇక మీ ఇంటి చోటు గురించి: ఆ చెరువు యజమాని నాకు తెలిసినవాడే. గట్టు మూలన ఒక చెట్టు నాటుకుంటామంటే కాదనడు, అడగమంటారా?

---

గట్టుమీద (బాపట్ల)

నేను కొత్త సభ్యుణ్ని. మా నాన్నగారిదీ ఇటువంటి సమస్యే, ఆయన ఈ వయసులో ఆసుపత్రికి రానంటున్నారు. ఫోన్లో మాట్లాడే సదుపాయం ఏదైనా ఉందా?

---

అద్దంలో ఆకాశం (గుంటూరు)

ఉందండీ. ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మొదట మీరే చేసి నాన్నగారి పరిస్థితి వివరించండి, ఆయన ఫోన్ తీసుకోవడానికి ఒప్పుకునే రోజు దాకా ఆగనక్కరలేదు.

---

లంకవాసి (హైదరాబాద్)

కృష్ణాతీరం గారూ, అడగండి. వేప అయితే బాగుంటుంది, తుమ్మ మాత్రం వద్దు.